రాగి లైన్ తీసేస్తామని ఉత్తరం వచ్చింది. ఫోన్ కంపెనీలు నెట్ కాల్స్‌కి లొంగిపోయినట్టేనా?

ఇంటిపెద్దకూతురు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి 81 ఏళ్లు. ఒంటరిగా ఉంటారు, గుండె జబ్బు ఉంది. మెడలో ఒక చిన్న బటన్ వేసుకుంటారు. అది నొక్కితే ల్యాండ్‌లైన్‌కి తగిలించిన పెట్టె దానంతటదే సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తుంది. రెండుసార్లు ఆ బటనే ఆయన్ని కాపాడింది.

నిన్న ఫోన్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలల్లో రాగి లైన్, అంటే రాగి తీగ మీద నడిచే మా పాత ల్యాండ్‌లైన్ ఆపేస్తారట. అదే నంబరు, అదే ఫోను, కాకపోతే దాన్ని రూటర్ వెనక గుచ్చుకోవాలట. ఇంతేనా పని?

ఇంకో సందేహం కూడా ఉంది. ఇంటర్నెట్ కాల్స్ వల్ల మేం దెబ్బతింటున్నాం అని ఈ కంపెనీలు ఏళ్ల తరబడి గొడవ పెట్టాయి కదా. మరి ఇప్పుడు వాళ్లే తమ లైన్లు పీకేసి ఇంటర్నెట్ మీదకి ఎందుకు వెళ్తున్నారు? లొంగిపోయారా, లేక ఇందులో నాకు తెలియనిది ఇంకేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. నాన్నగారి విషయంలో నిజంగా టెన్షన్‌గా ఉంది.

తీగమనిషి | సోమవారం, ఉదయం 8:25

అమ్మా, ముందు తొందరగా చేయాల్సింది చెప్తాను. కంపెనీ వాళ్లకి సరే అనకముందే ఆ బటన్ పెట్టె ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయండి. మోడల్ పేరు చెప్పి, ఇది ఇంటర్నెట్ లైన్ మీద పనిచేస్తుందా అని సూటిగా అడగండి. పాత పెట్టెలు చాలావరకు ఫోన్ లైన్ మీద టోన్లు పంపి మాట్లాడుకుంటాయి. ఆ టోన్లు ఇంటర్నెట్ గుండా పోతే ఒక్కోసారి చెదిరిపోతాయి. మనిషి గొంతు కాస్త అటూ ఇటూ అయినా మన చెవి సర్దుకుంటుంది, యంత్రం సర్దుకోదు.

రెండోది కరెంటు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో 31 ఏళ్లు పనిచేశాను. పాత ల్యాండ్‌లైన్‌కి ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టుల డీసీ ఆ రాగి జత మీదుగా మీ ఫోన్ దాకా వస్తుంది. మా కింది గది నిండా బ్యాటరీలు, వాటికి తోడు జనరేటర్. తుఫాను రాత్రి ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వచ్చేది. ఆ టోన్ ఆగకూడదని మేం బ్యాటరీల్లో నీళ్లు చూసుకుంటూ రాత్రుళ్లు కూర్చునేవాళ్లం. రూటర్‌కి ఆ ఏర్పాటు లేదు. కరెంటు పోయిందా, ఫోనూ పోయినట్టే.

మీ ఇంకో ప్రశ్నకి సాయంత్రం తీరిగ్గా రాస్తాను. అది చిన్న విషయం కాదు.

ప్యాకెట్‌దారి | సోమవారం, మధ్యాహ్నం 1:10

తీగమనిషి గారు చెప్పిన రెండూ అక్షరాలా నిజం. నేను నెట్‌వర్క్ పనిలో ఉన్నాను, కాబట్టి ఆ రెండో సందేహం సాంకేతిక వైపు నుంచి మొదలుపెడతాను.

పాత పద్ధతిలో మీరు నంబరు తిప్పగానే మీ ఫోన్ నుంచి అవతలి ఫోన్ దాకా ఒక దారి మీ ఇద్దరి కోసమే కేటాయిస్తారు. మీరు మాట్లాడినా, మాటలు దొరక్క ఊరుకున్నా ఆ దారి మీదే. ఇంకెవరికీ ఇవ్వరు. డిజిటల్ ఎక్స్ఛేంజ్‌లు వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో రాస్తే సెకనుకి 64,000 బిట్లు. ప్రతి కాల్‌కీ అంత వెడల్పు దారి, మొదటి నుంచి చివరిదాకా.

ఇంటర్నెట్‌లో దారి కేటాయింపు ఉండదు. సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటని ఒక ముక్కగా కట్టి, పైన చిరునామా రాసి వదిలేస్తారు. ఆ ముక్కనే ప్యాకెట్ అంటారు. అదే 64,000 బిట్ల గొంతు అయితే ఒక్కో ముక్కలో 160 బైట్ల మాట, 40 బైట్ల చిరునామా వగైరా. అంటే సెకనుకి 80,000 బిట్లు. గంటసేపు మాట్లాడితే ఒక వైపుకి 36 మెగాబైట్లు. గొంతుని కుదించే ఇప్పటి పద్ధతులతో (కోడెక్‌లతో) అయితే ఇంకా తక్కువే. ఒక సినిమా చూసే డేటాతో పోలిస్తే గంట కబుర్లు ఎంత? లెక్కలోకే రావు. పక్క వీధికి పోయినా సముద్రం దాటినా మీరు కట్టేది అదే డేటా బిల్లు.

కంపెనీలని నిజంగా దెబ్బకొట్టింది ఇదే. నిమిషం, దూరం అనే రెండు కొలతల మీద కట్టిన ఇల్లు అది. ఇంటర్నెట్‌కి ఆ రెండూ తెలియవు.

దూరదేశి | సోమవారం, మధ్యాహ్నం 2:35

నేను ఇంటికి దూరంగా వచ్చి 26 ఏళ్లు. మొదటి నాలుగేళ్లు వారానికి ఒకసారి, ఆదివారం, కాలింగ్ కార్డు మీద మాట్లాడేవాణ్ణి. అమ్మ ఒక్కమాట మొదలుపెట్టేలోపు "మీకు ఇంకా ఒక నిమిషం ఉంది" అని యంత్రం అడ్డొచ్చేది. అమ్మ ఆ గొంతు విని కంగారుపడి ఫోన్ పెట్టేసేది, నాకు ఖర్చవుతుందని. చెప్పాలనుకున్నవి చెప్పకుండానే పెట్టేసింది ఎన్నోసార్లు.

ఇప్పుడు నా చెల్లెలు వంట చేస్తూ ఫోన్‌ని గట్టు మీద ఆనించి గంటసేపు ఉంచుతుంది. మేం మాట్లాడుకునేది పది నిమిషాలే. మిగతాదంతా ఊరికే పక్కన ఉండటం. నిమిషానికి రేటు ఉన్నరోజుల్లో ఇది ఊహకి కూడా అందేది కాదు.

అందుకే కంపెనీలు దెబ్బతిన్నాయంటే నాకు జాలి కలగదు. ఆ నిమిషాల రేట్లకి, అసలు ఖర్చుకి ఎంత తేడా ఉండేదో మాకు అప్పుడు తెలియదు. తెలిశాక కోపం వచ్చింది.

లెక్కలమాస్టారు | సోమవారం, సాయంత్రం 6:50

దూరదేశి గారి కోపం న్యాయమైనదే. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోయేదో కూడా చూడాలి. నేను ఈ రంగం లెక్కలు చాలాకాలం చూశాను. ఇది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అంతర్జాతీయ కాల్‌లో రెండు కంపెనీలు ఉంటాయి. ఇవతలిది బిల్లు వసూలు చేస్తుంది, అవతలిది కాల్‌ని ఇంటికి చేరుస్తుంది. చేర్చినందుకు నిమిషానికి ఇంత అని ఇవతలి కంపెనీ అవతలి కంపెనీకి కట్టాలి. రెండు వైపులా కాల్స్ సమానంగా ఉంటే చెల్లు. కానీ ధనిక దేశాల నుంచి పేద దేశాలకి కాల్స్ ఎక్కువ, తిరుగు కాల్స్ తక్కువ. అందుకని ఏటా పెద్ద మొత్తాలు పేద దేశాల టెలిఫోన్ సంస్థలకి వెళ్లేవి. చాలాచోట్ల ఆ సంస్థలు ప్రభుత్వానివే. విదేశీ మారకం తెచ్చే పెద్ద వనరుల్లో అదొకటి. ఈ రేట్లు అసలు ఖర్చుకి చాలా పైన ఉన్నాయని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1997లో వాటికి పరిమితులు పెట్టింది. అంటే ఇంటర్నెట్ కాల్స్ బలపడకముందే ఆ గోడకి బీట పడింది.

దేశం లోపల కూడా ఇలాంటి సర్దుబాటే. దూరపు కాల్స్ మీద వచ్చే లాభంతో స్థానిక లైన్ల అద్దె తక్కువగా ఉంచేవారు. నాలుగు ఇళ్లున్న పల్లెకి స్తంభాలు వేసి లైన్ లాగడం ఏ లెక్కలోనూ గిట్టదు. ఆ ఖర్చు దూరపు కాల్స్ చేసే వ్యాపారుల బిల్లులో కలిసి ఉండేది. దూరదేశి గారు కాలింగ్ కార్డుకి పెట్టిన డబ్బులో కొంత ఎవరిదో పల్లెలో ఫోన్ స్తంభం అయి ఉండొచ్చు, కొంత ఎవరి జేబులోకో పోయి ఉండొచ్చు. ఈ రెండూ ఒకే బిల్లులో ఉండటమే చిక్కు. బయటివాళ్లు వేరుచేసి చూడలేకపోయారు, కంపెనీలు వేరుచేసి చూపలేదు.

ఇక ఇంటర్నెట్ కాల్ వచ్చింది. ఇజ్రాయెల్‌కి చెందిన వోకల్‌టెక్ 1995లో "ఇంటర్నెట్ ఫోన్" అనే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టింది. కంప్యూటర్‌కి మైకు, స్పీకర్లు ఉండాలి, అవతలివాళ్ల దగ్గరా అదే సాఫ్ట్‌వేర్ ఉండాలి, శబ్దం తెగి తెగి వచ్చేది. అయినా 1996 మార్చిలోనే అమెరికాలో దూరపు కాల్స్ అమ్మే చిన్న కంపెనీల సంఘం ఒకటి ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టుకుంది. ఈ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు లైసెన్సు లేని ఫోన్ కంపెనీలే, ఆపండి అని. ఆ కోరిక నెరవేరలేదు. బొమ్మలాంటి ఆ సాఫ్ట్‌వేర్‌ని చూసి అంత భయం ఎందుకంటే, వాళ్లకి శబ్దం ఎలా ఉందో అక్కర్లేదు, లెక్క ఎటు పోతుందో కనిపించింది.

2003 ఆగస్టులో ఇంటర్నెట్ మీద కాల్స్ చేసుకునే స్కైప్ వచ్చింది. అప్పటికి ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఉంది. ఆ తర్వాత కథ అందరికీ తెలుసు.

కొత్తచదువరి | సోమవారం, సాయంత్రం 7:15

మాస్టారూ, ఒక్క సందేహం. ఆ కాల్స్ పోయేది కూడా ఆ ఫోన్ కంపెనీల లైన్ల మీదే కదా? మరి వాళ్లే ఆపేయొచ్చుగా?

ప్యాకెట్‌దారి | సోమవారం, సాయంత్రం 7:40

ఆపారు కూడా. 2005లో అమెరికాలో మాడిసన్ రివర్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ తన ఇంటర్నెట్ లైన్ మీద వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ కాల్స్‌ని అడ్డుకుంది. ఎఫ్‌సీసీ విచారణ మొదలుపెడితే 15,000 డాలర్లు కట్టి, ఇకమీదట అలా చేయమని రాసిచ్చింది. మొత్తం చిన్నదే. కానీ లైన్ నాది కాబట్టి దాని మీద ఏది పోవాలో నేనే తేలుస్తాను అనే వాదన మొదటిసారి అలా దెబ్బతింది.

ఇంకా పెద్ద ఉదాహరణ నెదర్లాండ్స్. వాట్సాప్ వల్ల ఎస్సెమ్మెస్ ఆదాయం పడిపోతుంటే 2011లో కేపీఎన్ కంపెనీ, ఇలాంటి యాప్‌లకీ ఇంటర్నెట్ కాల్స్‌కీ విడిగా డబ్బు వసూలు చేస్తామని ప్రకటించింది. ఎవరు ఏ యాప్ వాడుతున్నారో వాళ్లకి ఎలా తెలిసింది అని జనం నిలదీశారు. ప్యాకెట్ల లోపలికి తొంగిచూసే పరికరాలు వాడుతున్నట్టు బయటపడింది. గొడవ ఎంత పెద్దదయ్యిందంటే 2012 నాటికి ఆ దేశంలో నెట్ న్యూట్రాలిటీ చట్టం, అంటే లైన్ మీద పోయే యాప్‌లన్నిటినీ కంపెనీ సమానంగా చూడాలనే చట్టం వచ్చేసింది. ఐరోపాలో అదే మొదటిది. కాల్స్ ఆదాయం కాపాడుకోవాలని కంపెనీ వేసిన అడుగే దానికి కారణమైంది.

దూరదేశి | సోమవారం, రాత్రి 9:05

కొత్తచదువరి గారూ, కొన్ని దేశాల్లో ఇప్పటికీ అడ్డుకుంటారు. యూఏఈలో మామూలు యాప్‌లలో చాటింగ్ నడుస్తుంది, వాయిస్ కాల్ మాత్రం కలవదు. మొరాకోలో 2016 జనవరిలో మూడు ఆపరేటర్లూ కలిసి ఆపేశారు. విదేశాల్లో పనిచేసేవాళ్ల కుటుంబాలు గోలపెట్టాక, ఆ ఏడాది చివర్లో మళ్లీ వదిలారు.

నా స్నేహితుడొకడు కాల్స్ కలవని చోట ఆరేళ్లు పనిచేశాడు. కూతురు మొదటి మాటలు వాయిస్ మెసేజ్‌గా విన్నాడు. తిరిగి వాడు పలికింది ఆ పాప గంట తర్వాత వినేది. కంపెనీల ఆదాయం అనే మాట వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

తీగమనిషి | సోమవారం, రాత్రి 10:20

సాయంత్రం రాస్తానన్నాను, ఆలస్యమైంది.

మావాళ్ల తప్పు ముందు ఒప్పుకుంటాను. మాటని ముక్కలు చేసి పంపొచ్చని 1960లలోనే పాల్ బారన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పాడు. అణుయుద్ధంలో సగం నెట్‌వర్క్ కూలినా మిగతాది పనిచేయాలని ఆయన ఆలోచన. అక్కడి పెద్ద టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఒప్పుకోలేదు, ఇది నడవదంది. 1974లో ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద గొంతుని ప్యాకెట్లుగా పంపి చూపించారు కూడా. టెలిఫోన్ ప్రపంచం దాన్ని పక్కన పెట్టింది. మా గర్వం అలాంటిది. వేచి ఉండటం, ముక్కలు తప్పిపోవడం అనే మాటలు మాకు పడేవి కావు. రద్దీ గంటలో ఎన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్ దొరకకుండా పోతాయో లెక్కగట్టడానికి కోపెన్‌హాగెన్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1917లోనే సూత్రాలు రాశాడు. మేం వాటిమీద పెరిగిన మనుషులం. ఇంటర్నెట్ మాత్రం, వీలైనంత చేరుస్తాను, పూచీ లేదు అంటుంది. అలాంటి దాని మీద ఫోన్ నడుస్తుందని మాకు నమ్మకం కలగలేదు. మేం పొరబడ్డాం.

కానీ ఒక్కటి చెప్పాలి. మా మీద కొన్ని బాధ్యతలు ఉండేవి, అవి కొత్తవాళ్ల మీద లేవు. అత్యవసర నంబరు తిప్పితే ఆ కాల్ ఏ వీధి నుంచి వచ్చిందో మాకు తెలుసు, తీగ అక్కడే ఉంది కాబట్టి. ఇంటర్నెట్ ఫోన్‌ని సంచిలో వేసుకుని వెయ్యి మైళ్లు పోవచ్చు. అంబులెన్స్ ఎక్కడికి పోవాలి? అమెరికాలో మొదటి రోజుల్లో కొన్ని ఇంటర్నెట్ ఫోన్ల నుంచి అక్కడి అత్యవసర నంబరు 911కి చేసిన కాల్స్ సరైన చోటికి చేరనేలేదు. ప్రమాదాలు జరిగాకే 2005లో ఎఫ్‌సీసీ, మామూలు ఫోన్లకి కలిసే ఇంటర్నెట్ ఫోన్ సర్వీసులన్నీ 120 రోజుల్లో ఆ ఏర్పాటు చేయాలని ఆదేశించింది. మనుషులకి హాని జరిగేదాకా ఆగాలా? నాకు ఇప్పటికీ బాధే.

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 6:30

తీగమనిషి గారు అన్నదే కంపెనీల అసలు ఫిర్యాదు కూడా. ఒకే పనికి ఒకే నియమం ఉండాలి అంటారు. లైసెన్సు ఫీజు మేం కట్టాలి, పల్లెలకి లైన్ మేం వేయాలి, అత్యవసర కాల్స్ మేం చేర్చాలి, వాళ్లకి ఇవేవీ లేవు అని. ఇందులో నిజం ఉంది. అయితే దీనికి రెండు పరిష్కారాలున్నాయి. కొత్తవాళ్ల మీద బరువు పెంచడం ఒకటి, పాతవాళ్ల మీద తగ్గించడం ఒకటి. కంపెనీలు అడిగేది ఎక్కువగా మొదటిదే.

ఐరోపా 2018లో తెచ్చిన చట్టం నాకు సబబుగా అనిపిస్తుంది. నంబరు వాడే సర్వీసు, నంబరు వాడని సర్వీసు అని రెండుగా విడదీసింది. మామూలు ఫోన్ నంబర్లకి కాల్ చేయనిస్తే నీ మీద ఫోన్ కంపెనీకుండే బాధ్యతలు చాలావరకు ఉంటాయి. యాప్ నుంచి యాప్‌కే అయితే తక్కువ. స్కైప్‌లో డబ్బు కట్టి మామూలు నంబర్లకి చేసే కాల్స్ టెలికాం సర్వీసు కిందికే వస్తాయని బెల్జియం కేసులో ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పిచ్చింది కూడా.

మౌనభాషి | మంగళవారం, ఉదయం 9:00

ఇంతవరకూ అందరూ గొంతు గురించే రాశారు. నాకు పుట్టుకతోనే వినిపించదు.

మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉండేది. నాకు అది గోడకి ఉన్న ఒక వస్తువు, అంతే. దాని కోసం కట్టిన గొప్ప వ్యవస్థలో నాకు చోటు లేదు. చెవిటివాళ్లు తమకి తామే దారి చేసుకున్నారు. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయనకీ వినిపించదు, టైప్ చేసే యంత్రాన్ని రిసీవర్‌కి ఆనించి అక్షరాలని శబ్దాలుగా పంపే పరికరం తయారుచేశాడు. ఆనించడం ఎందుకంటే, బయటి పరికరాన్ని లైన్‌కి నేరుగా తగిలించడానికి అప్పటి అమెరికా టెలిఫోన్ కంపెనీ ఒప్పుకునేది కాదు. ఆ నిషేధం 1968లో ఎఫ్‌సీసీ తీర్పుతో పోయింది. అదే 1964లో ఆ కంపెనీ బొమ్మ కనిపించే ఫోన్ కూడా ప్రదర్శించింది, కానీ అది ఇళ్లదాకా రాలేదు.

ఇంటర్నెట్ వీడియో కాల్ వచ్చిన రోజు నేను మా అన్నతో నా భాషలో, చేతులతో, దూరం నుంచి మాట్లాడాను. అప్పుడు నాకు 34 ఏళ్లు. నా జీవితంలో మొదటి ఫోన్ కాల్ అది. కాబట్టి పాత ఫోన్ అందరికీ సేవ చేసింది అని ఎవరైనా రాసినప్పుడు, ఆ అందరిలో నేను లేనని గుర్తుంచుకోమని కోరుతున్నాను.

తీగమనిషి | మంగళవారం, ఉదయం 9:45

మౌనభాషి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 31 ఏళ్లలో ఈ వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. క్షమించండి.

ప్యాకెట్‌దారి | మంగళవారం, మధ్యాహ్నం 12:30

మౌనభాషి గారి మాట తర్వాత సాంకేతికాలు రాయడం కష్టమే కానీ, ఇంటిపెద్దకూతురు గారి ప్రశ్న మిగిలి ఉంది. కంపెనీలు తమంతట తామే ఎందుకు మారుతున్నాయి?

వాళ్లు మారింది ఇవాళ కాదు. 4జీలో కాల్ కోసం దారి కేటాయించే పాత పద్ధతి అసలు లేదు. అది మొత్తం ప్యాకెట్ల నెట్‌వర్కే. మొదట్లో కాల్ వస్తే ఫోన్ వెనక్కి 3జీకో 2జీకో దిగిపోయేది. 2012 ఆగస్టులో అమెరికా, దక్షిణ కొరియాల్లో 4జీ మీదే కాల్స్ మొదలయ్యాయి. దాన్నే వోల్టీ అంటున్నాం. అంటే ఇవాళ మీ మొబైల్‌లో మామూలు నంబరుకి చేసే కాల్ కూడా లోపల ఇంటర్నెట్ కాల్ లాంటిదే. తేడా ఒక్కటి: కంపెనీ తన నెట్‌వర్క్‌లో ఆ ప్యాకెట్లకి ముందు వరస ఇస్తుంది. మాట ఒక వైపుకి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. వోల్టీలో ఆ ఆలస్యాన్ని అదుపులో పెడతారు. యాప్ కాల్ మాత్రం మిగతా డేటాతో పాటు క్యూలో నిలబడుతుంది.

ల్యాండ్‌లైన్ సంగతి వేరు. పాత డిజిటల్ ఎక్స్ఛేంజ్‌ల విడిభాగాలు తయారుచేసేవాళ్లు లేరు. అవి తెలిసిన మనుషులు రిటైరయ్యారు. కస్టమర్లు తగ్గిపోయారు, కానీ భవనం, బ్యాటరీలు, ఏసీ ఖర్చు మాత్రం అంతే. ఫైబర్ వేశాక రాగిని కూడా నడపడం రెండు సంసారాలు చేయడమే. ఫ్రాన్స్‌లో 2018 నవంబర్ నుంచే కొత్తగా పాత తరహా లైన్లు ఇవ్వడం మానేశారు.

లొంగిపోవడం అనను. రాగిని వదిలి ప్యాకెట్ల దారి పట్టారు. నిమిషాలు అమ్మడం మాని డేటా అమ్ముతున్నారు. బాధేమిటంటే, డేటా అమ్మేవాడికి పైన నడిచే కాల్ మీద పెత్తనం ఉండదు.

కొత్తచదువరి | మంగళవారం, మధ్యాహ్నం 1:05

మరి అన్నీ యాప్‌లే అయిపోతే ఇక ఫోన్ నంబరుతో పనేంటి?

తీగమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 3:20

బాబూ, ఇది మంచి ప్రశ్న. నాకు ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

టెలిఫోన్ మొదటి రోజుల్లో అమెరికాలో ఒకే పట్టణంలో రెండు కంపెనీలు ఉండేవి. ఒకరి లైన్ నుంచి ఇంకొకరి లైన్‌కి కాల్ కలిసేది కాదు. దుకాణాల్లో బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకునేవారు. చివరికి ప్రభుత్వ ఒత్తిడి మీద 1913లో ఏటీ అండ్ టీ, స్వతంత్ర కంపెనీలని తన దూరపు లైన్లకి కలపడానికి ఒప్పుకుంది. అక్కడి నుంచి మెల్లగా ప్రపంచమంతా ఏ ఫోన్ నుంచైనా ఏ ఫోన్‌కైనా కలిసే స్థితికి వచ్చింది. దాని వెనక వందేళ్ల తగాదాలు, ఒప్పందాలు ఉన్నాయి.

ఇప్పుడు మీ ఫోన్‌లో చూడండి. ఒకాయనకి ఒక యాప్, ఇంకొకాయనకి ఇంకో యాప్. ఈ యాప్ నుంచి ఆ యాప్‌కి కాల్ పోదు. మళ్లీ బల్ల మీద రెండు ఫోన్లు. మావాళ్లు ఎన్ని తప్పులు చేసినా కలపడం అనే పని చేశారు. అది పోకూడదు.

దూరదేశి | మంగళవారం, సాయంత్రం 4:10

ఇక్కడ తీగమనిషి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను, రేట్ల విషయంలో కాదు కానీ. 2025 మే 5న స్కైప్ మూసేశారు. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అంత సంస్థ చేతిలో ఉన్నదే మూతపడింది. మా పెద్దమ్మకి వాడటం తెలిసిన ఒకే ఒక్క యాప్ అది. కొత్తది నేర్పడానికి పక్కింటి అబ్బాయిని బతిమాలాల్సి వచ్చింది. ఫోన్ నంబరుకి ఆ ఇబ్బంది లేదు. కంపెనీ మారినా నంబరు మనతోనే వస్తుంది.

ప్యాకెట్‌దారి | మంగళవారం, సాయంత్రం 5:00

దీని మీద ఐరోపాలో ఒక ప్రయత్నం నడుస్తోంది. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం కింద పెద్ద మెసేజింగ్ యాప్‌లు, అడిగిన ఇతర సర్వీసులతో కలవాలి. మెసేజ్‌లు మొదట, కాల్స్‌కి గడువు ఎక్కువ. వాట్సాప్ యజమానిని 2023 సెప్టెంబర్‌లో ఆ జాబితాలో చేర్చారు కాబట్టి, కాల్స్ వంతు నాలుగేళ్లకి, 2027లో వస్తుంది. సాంకేతికంగా ఇద్దరి మధ్య ఉన్న రహస్య సంకేతం చెడకుండా కలపడం తేలిక కాదు. కానీ 1913లో కూడా కలపడం అసాధ్యం అనే చెప్పి ఉంటారు.

నంబరుకి ఒక చీడ పట్టింది, అది కూడా చెప్పాలి. ఇంటర్నెట్ నుంచి ఫోన్ నెట్‌వర్క్‌లోకి కాల్ పంపడం దాదాపు ఉచితమయ్యాక, మోసగాళ్లు తెరమీద ఏ నంబరు కావాలంటే ఆ నంబరు చూపిస్తూ లక్షల కాల్స్ చేస్తున్నారు. బ్యాంకు నంబరు కనిపించినంత మాత్రాన బ్యాంకు కాదు. అమెరికాలో 2021 జూన్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి కాల్‌కీ, నంబరు అసలుదో కాదో తేల్చే డిజిటల్ సంతకం పెట్టాలి. పాత రాగి ఎక్స్ఛేంజ్ గుండా పోయే కాల్స్‌కి ఆ సంతకం నిలవదు. రాగిని తీసేయడానికి ఇదీ ఒక కారణమే.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 8:40

ఇంకొక్కటి రాసి ఆపుతాను. కంపెనీల కొత్త వాదన వింటున్నారా? యాప్‌ల వల్ల మా లైన్లు నిండిపోతున్నాయి, కాబట్టి పెద్ద యాప్ కంపెనీలు మాకు డబ్బు కట్టాలి అని. ప్యాకెట్‌దారి గారు చెప్పిన 36 మెగాబైట్ల లెక్క ఇక్కడ గుర్తుచేసుకోండి. లైన్లు నింపేది కాల్స్ కాదు, వీడియోలు. పైగా ఆ డేటాకి మనం నెలనెలా ఇప్పటికే కడుతున్నాం. అవతలివాళ్ల దగ్గర కూడా వసూలు చేస్తే, పాత నిమిషాల లెక్క వేరే పేరుతో తిరిగొచ్చినట్టే. నేను దీనికి ఒప్పుకోను. పల్లెకి లైన్ వేయడానికి డబ్బు కావాలంటే, ఆ పనికే అని పేరుపెట్టి, అందరికీ కనిపించేలా వసూలు చేసి, ఖర్చు లెక్క చూపించాలి. కాల్ రేటులో దాచకూడదు.

ఇంటిపెద్దకూతురు | బుధవారం, ఉదయం 7:15

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కంపెనీలు ఎందుకు మారుతున్నాయో అర్థమైంది. మౌనభాషి గారు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను.

బటన్ పెట్టె వాళ్లకి ఫోన్ చేశాను. మా మోడల్ పాతదట, ఇంటర్నెట్ లైన్ మీద పూచీ లేదన్నారు. ఫోన్ కంపెనీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యం లేదు! ఇప్పుడు ఏం చేయాలి?

తీగమనిషి | బుధవారం, ఉదయం 7:50

మీ ఒక్కరికే కాదమ్మా. బ్రిటన్‌లో లైన్లు మారుస్తున్నప్పుడు ఇలాంటి బటన్లు పనిచేయక తీవ్రమైన ఘటనలు జరిగాయి. 2023 డిసెంబర్‌లో అక్కడి కంపెనీలు బలవంతపు మార్పులు ఆపాయి. 2025 చివరికల్లా పూర్తి చేస్తామన్న పని 2027 జనవరికి జరిపారు.

సిమ్ కార్డుతో, లోపల సొంత బ్యాటరీతో పనిచేసే పెట్టె అడగండి. ఆ ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో చూసి ఆ సిమ్ వేయించండి. ఫోన్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి: ఈ ఇంట్లో ప్రాణాధార పరికరం ఉంది, అది మారి పరీక్షించేదాకా రాగి లైన్ తీయొద్దు అని. రూటర్‌కి, ఫైబర్ పెట్టెకి, రెంటికీ బ్యాకప్ కావాలి. చాలామంది రూటర్‌కి ఒక్కదానికే పెట్టి మోసపోతారు.

ప్యాకెట్‌దారి | బుధవారం, ఉదయం 8:20

బ్యాకప్ ఎంతసేపు వస్తుందో కూడా అడగండి. ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడ్డవాళ్లకి కరెంటు పోయినా కనీసం ఒక గంట అత్యవసర కాల్ చేసుకునే వీలుండాలని బ్రిటన్ నియంత్రణ సంస్థ చెప్పింది. గంట చాలదని నా అభిప్రాయం. మీరు నాలుగు గంటలది చూడండి. బిగించాక మెయిన్ స్విచ్ ఆపి మీ చేత్తో పరీక్షించండి. వాళ్లు పనిచేస్తుంది అన్నారని వదిలేయొద్దు.

ఇంటిపెద్దకూతురు | పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:05

కొత్త పెట్టె వచ్చింది, సిమ్‌తో. లైన్ మార్పు నెలన్నర వాయిదా వేయడానికి కంపెనీ ఒప్పుకుంది, ఉత్తరం రాశాకే.

ఈరోజు మధ్యాహ్నం మెయిన్ స్విచ్ ఆపేశాం. ఫ్యాను ఆగింది, రూటర్ దీపాలు బ్యాకప్ మీద వెలిగాయి. నాన్నగారు బటన్ నొక్కారు. పదకొండు సెకన్లలో అటు నుంచి ఒకమ్మాయి గొంతు, ఆయన పేరు పెట్టి పలకరించింది. ఇది పరీక్ష అని చెప్పాం. తర్వాత రూటర్‌కి తగిలించిన పాత ఫోన్ ఎత్తి నా నంబరుకి చేశారు, పక్కనే నిలబడి ఉన్నా కూడా. కలిసింది. గొంతు పాతదానికంటే తేటగా ఉంది. "టోన్ మాత్రం అదే" అన్నారు.

తీగమనిషి గారూ, అది మీకు చెప్పమన్నారు.

తీగమనిషి | ఆదివారం, సాయంత్రం 6:30

ఆ టోన్ ఇప్పుడు మీ ఇంట్లో పెట్టెలోనే పుడుతుందమ్మా, ఎక్స్ఛేంజ్ నుంచి రాదు. అయినా నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నెలకి ఒకసారి ఆ స్విచ్ ఆపి చూడటం మర్చిపోకండి. బ్యాటరీ మూడేళ్లకి మార్చాలి, తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి.